దూరాన్ని వేగంతో భాగించి కనెక్షన్ పెట్టుకోకండి

టికెటింగ్ డెస్క్‌లో కూర్చున్నవాళ్లకి ఈ మాట అలవాటే: "నెట్‌లో ఆరు గంటలే చూపిస్తోందండీ, మీరేమో ఎనిమిది అంటున్నారు!"

అపోహ: దూరాన్ని విమానం వేగంతో భాగిస్తే ప్రయాణ సమయం వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. లండన్ నుంచి న్యూయార్క్ సుమారు 5,540 కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున వేసుకుంటే 6 గంటల 10 నిమిషాలు. టికెట్ మీద మాత్రం 8 గంటలకు అటూ ఇటూగా ఉంటుంది. తిరుగు ప్రయాణం 7 గంటలే. చాలా ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు జోరుగా వీచే గాలిని జెట్ స్ట్రీమ్ అంటారు; వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల పుణ్యమా అని ఒక విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 5 గంటల లోపే చేరింది. అలాగని రోజూ అంతే అనుకుంటే ఎలా? పైగా టికెట్‌లో వేసేది బ్లాక్ టైం. ఇవతలి గేటు నుంచి కదిలింది మొదలు అవతలి గేటులో ఆగేదాకా. రన్‌వే కోసం క్యూలో నిలబడటం, దిగేముందు చక్కర్లు కొట్టడం అన్నీ అందులోనే.

ఈ తేడా కనెక్షన్ దగ్గర, అంటే మధ్యలో విమానం మారేచోట, కొంప ముంచుతుంది. ఒకబ్బాయి అమ్మానాన్నల కోసం, లండన్-న్యూయార్క్ టికెట్ ఇంకా కొనకుండానే, న్యూయార్క్ నుంచి ముందుకెళ్లే టికెట్ చౌకగా ఉందని విడిగా కొనేశాడు. కాలిక్యులేటర్ లెక్కన మూడున్నర గంటల గ్యాప్. అసలు టైమింగ్ చూస్తే మిగిలింది గంటా నలభై నిమిషాలు. అందులో ఇమిగ్రేషన్, బెల్టు మీంచి బ్యాగులు తీసుకోవడం, మళ్లీ చెక్-ఇన్. చెక్-ఇన్ కౌంటర్లో బ్యాగులు తీసుకోవడం విమానం బయల్దేరడానికి 45 నిమిషాల నుంచి గంట ముందే ఆపేస్తారు మరి. ఆ పెద్దవాళ్లు కౌంటర్‌కి చేరేసరికి ఎవరూ లేరు. రెండో ఎయిర్‌లైన్ దృష్టిలో అది నో-షో, అంటే ప్రయాణికులు రానట్టే లెక్క. డబ్బు పోయింది, అదే టికెట్‌లో ఉన్న రిటర్న్ కూడా రద్దయింది. ఈ రిటర్న్ సంగతి చాలామందికి తెలియదు. అదే రెండు విమానాలూ ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబర్) మీద ఉంటే, మొదటి విమానం ఆలస్యమైనా తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌దే.

అపోహ: చేరే టైంలోంచి బయల్దేరే టైం తీసేస్తే చాలు.

వాస్తవం: రెండూ ఎక్కడికక్కడ స్థానిక సమయాలు. టోక్యోలో సాయంత్రం ఎక్కితే లాస్ ఏంజిలిస్‌లో అదే రోజు పొద్దున దిగుతారు. టికెట్ తప్పు ప్రింటయిందని ఫోన్ చేయనక్కర్లేదు.

అపోహ: మ్యాప్‌లో వంకరగా పోతోందంటే చుట్టు తిరుగుతున్నట్టే.

వాస్తవం: గ్లోబు మీద దారం లాగి చూడండి, ఆ వంకరే దగ్గరి దారి. నిజంగా చుట్టు తిరగాల్సి వచ్చేది గగనతలం మూసినప్పుడు. 2022లో రష్యా మీదుగా దారి మూతపడ్డాక, తొమ్మిదిన్నర గంటల హెల్సింకి-టోక్యో ప్రయాణం 13 గంటల దాకా పోయింది.

ఇక ట్రాకింగ్ యాప్‌లో విమానం బొమ్మ సముద్రం మధ్యలో మాయమైందని నిద్ర మానేసే అమ్మలకు: నేల మీది రిసీవర్లకు అంత దూరం సిగ్నల్ అందదు, అంతే. తీరం దగ్గరికి వచ్చాక మళ్లీ కనిపిస్తుంది. ల్యాండెడ్ అని చూపించాక కూడా ఇమిగ్రేషన్ లైను దాటి మీ అబ్బాయి ఫోన్ చేయడానికి గంట పట్టొచ్చు.