తేమను శాతంలో చూస్తే తప్పుదారే

సర్వర్లు వేడిని వదులుతాయి, తేమను కాదు. డేటా సెంటర్ హాల్లో తేమ పెరిగిందంటే బయటి గాలితోనో, మనుషులతోనో, మనం పెట్టిన హ్యూమిడిఫైయర్ (గాలికి తేమ కలిపే యంత్రం)తోనో వచ్చి ఉండాలి. దీన్ని మరిచిపోయిన చోటల్లా కరెంటు ఊరికే ఖర్చవుతుంది.

సర్వర్ల ముందు 24 డిగ్రీల గాలి ఉంది, సాపేక్ష ఆర్ద్రత, అంటే ఆ ఉష్ణోగ్రతలో గాలి పట్టగలిగే గరిష్ఠ ఆవిరిలో ఇప్పుడున్న వాటా, 50 శాతం అనుకుందాం. అదే గాలి వెనక నుంచి 35 డిగ్రీలతో బయటికొచ్చేసరికి మీటరు సుమారు 27 శాతం చూపిస్తుంది. అందులోని ఆవిరి మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు. రెండు చోట్లా డ్యూ పాయింట్, అంటే ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, దాదాపు 13 డిగ్రీలే. తిరిగొచ్చే గాలిలో శాతం చూసి నడిచే ఏసీ యూనిట్, గాలి పొడిగా ఉందనుకుని ఆవిరి వదులుతుంది. పక్క యూనిట్ సెన్సర్ నాలుగైదు శాతం ఎక్కువ చూపిస్తుంటే అది అదే తేమను పిండి, చల్లబడిన గాలిని హీటరుతో మళ్లీ వేడిచేస్తుంది. ఆవిరి హ్యూమిడిఫైయర్‌కు లీటరు నీటికి దాదాపు 0.7 యూనిట్ల కరెంటు కావాలి. ఆ నీటిని తిరిగి పిండే ఖర్చు వేరే.

ఏసీలో గాలిని చల్లబరిచే గొట్టాల చుట్టలో, అంటే కాయిల్‌లో, డ్యూ పాయింట్ కన్నా చల్లగా 7 డిగ్రీల నీరు తిప్పినా ఇదే తంతు: డ్రెయిన్ ట్రేలో నీళ్లు, పక్కనే నడుస్తున్న హ్యూమిడిఫైయర్. నీటిని 15 డిగ్రీలకు పెంచితే కాయిల్ తడవదు, ఆ నీటిని చల్లబరిచే చిల్లర్ భారమూ తగ్గుతుంది. అయితే ముందు సర్వర్లు అమర్చే ర్యాకుల్లో ఖాళీలకు బ్లాంకింగ్ ప్యానెళ్లు (మూసే పలకలు) బిగించి, వేడి గాలి ముందుకు రాకుండా చూడాలి.

ఏసీ రంగపు ఇంజినీర్ల అమెరికా సంఘం ఆష్రే సిఫారసు ప్రకారం సర్వర్‌లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీలు, డ్యూ పాయింట్ మైనస్ 9 నుంచి 15 డిగ్రీలు ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో గాలి అంత పొడిబారదు కాబట్టి ఇక్కడ హ్యూమిడిఫైయర్ల అవసరం దాదాపు ఉండదు. పొడి గాలిలో పుట్టే స్థిర విద్యుత్తుకు ఎర్తింగ్, చేతికి కట్టే స్ట్రాప్ ఉన్నాయి.

అతి తేమ మాత్రం నిజంగా ప్రమాదం. 2011 వేసవిలో అమెరికాలోని ప్రైన్‌విల్ ఫేస్‌బుక్ కేంద్రంలో నియంత్రణ లోపం వల్ల వేడి గాలి లోపలే తిరుగుతూ, గాలిని చల్లబరిచే నీటి తుంపర్ల మీదుగా మళ్లీ మళ్లీ వెళ్లింది. చివరికి సర్వర్ల దగ్గరే తేమ నీరుగా మారి పవర్ సప్లైలు పాడయ్యాయి.

విశాఖలో వానాకాలపు గాలి 30 డిగ్రీలు, 80 శాతం ఉంటే డ్యూ పాయింట్ 26 డిగ్రీలు. అది తలుపు సందుల్లోంచి చొరబడితే 20 డిగ్రీల పైపు మీద కూడా చెమ్మ పడుతుంది. అందుకే తేమ పిండే పనిని తాజా గాలి తెచ్చే ఒక్క యూనిట్‌కే అప్పగించాలి. హాల్లో గాలి ఒత్తిడి బయటికన్నా కాస్త ఎక్కువగా ఉంచాలి. లిక్విడ్ కూలింగ్ (సర్వర్లను నీటితో చల్లబరిచే పద్ధతి) ఉంటే, ర్యాకులకు వెళ్లే నీరు హాల్లోని డ్యూ పాయింట్ కన్నా కనీసం 2 డిగ్రీలు ఎక్కువగా ఉండేలా కంట్రోలర్‌ను సెట్ చేయాలి.