యూపీఐ పెడితే పన్ను, సాఫ్ట్‌వేర్ కొంటే లెక్క: తిరుపతి, చిత్తూరు అంగళ్లలో నేను వినే అపోహలు

చిన్న వ్యాపారాలకు బిల్లింగ్, ఆన్‌లైన్ చెల్లింపులు, ఆన్‌లైన్ అమ్మకాలు అలవాటు చేయించడం నా పని. గాంధీరోడ్డులో పాత్రల అంగడైనా, నగరిలో మరమగ్గాల షెడ్డైనా, గాజులమండ్యంలో అట్టపెట్టెల యూనిట్ అయినా మొదటి రోజు వినబడే మాటలు ఇంచుమించు ఒకటే. వాటిలో కొన్ని జనానికి నిజంగా నష్టం చేస్తున్నాయి. అందుకే రాస్తున్నాను.

అపోహ: యూపీఐ తీసుకుంటే జీఎస్టీ వాళ్లు వస్తారు, నగదైతే గొడవ లేదు.

2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్లు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. బెంగళూరులో కొన్ని అంగళ్లు క్యూఆర్ కోడ్ పీకేసి ‘నగదు మాత్రమే’ అని రాసిపెట్టాయి. పలమనేరు, కుప్పం వ్యాపారులకు బెంగళూరుతో రోజూ రాకపోకలే కాబట్టి ఆ భయం ఇక్కడికీ వచ్చేసింది. “అన్నా, ఆ స్కానర్ తీసేయమంటావా?” అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు.

వాస్తవం: తీసేయొద్దు. జీఎస్టీకి లెక్క టర్నోవర్, అంటే ఏడాది మొత్తం అమ్మకం. గల్లాపెట్టెలో పడిన నగదు కూడా టర్నోవరే. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షలు, సేవలు అందించేవారికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. తాజా కూరగాయల్లాంటి పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవారికి అదీ అక్కర్లేదు. ఆదాయపు పన్నులోనైతే యూపీఐ వల్ల మేలే జరుగుతుంది. పూర్తి పద్దులు రాయని చిన్న వ్యాపారులకు ఉన్న ప్రిజంప్టివ్ పద్ధతిలో నగదు అమ్మకాల మీద 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాల మీద 6 శాతం కనీస లాభంగా లెక్కగడతారు. అంటే 50 లక్షల అమ్మకం మొత్తం నగదైతే 4 లక్షలు, మొత్తం డిజిటల్ అయితే 3 లక్షలు.

అసలు చిక్కు వేరేచోట ఉంది. అంగడి క్యూఆర్‌కే చీటీ పాట డబ్బు వస్తుంది, బావమరిది తీర్చిన అప్పు వస్తుంది, ఊళ్లో పొలం కౌలూ వస్తుంది. రేపు ఎవరైనా అడిగితే ఇందులో అమ్మకం ఏది, ఇంటి డబ్బు ఏది అని విడదీసి చూపలేరు. వ్యాపారానికి విడిగా కరెంటు అకౌంట్ తెరిచి, ఆ క్యూఆర్ ఒక్కటే కౌంటర్ మీద పెట్టండి. నేను ఎవరి దగ్గరికి వెళ్లినా మొదట చేయించేది ఈ పనే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. ఎవరైనా పిన్ కొట్టమంటే అది మోసం. చెల్లించినట్టు చూపే స్క్రీన్‌షాట్‌ను నమ్మొద్దు, స్పీకర్ పలికితేనే సరుకు ఇవ్వండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఈ మాటలు యజమానికంటే ముందు కౌంటర్‌లో ఉండే పిల్లలకు తెలియాలి.

అపోహ: మంచి సాఫ్ట్‌వేర్ కొంటే లెక్కలు వాటంతట అవే సర్దుకుంటాయి.

వాస్తవం: సాఫ్ట్‌వేర్‌కు మన సరుకు పేర్లు తెలియవు. పాత్రల అంగడిలో యజమాని ‘కలశ చెంబు’ అంటారు, కౌంటర్‌లో అమ్మాయి ‘ఇత్తడి చెంబు, రెండో సైజు’ అని బిల్లు కొడుతుంది, మొరాదాబాద్ నుంచి వచ్చిన బిల్లులో ఇంకేదో పేరుంటుంది. పైగా కొన్నది కిలోల్లో, అమ్మేది విడి లెక్కన. పేర్లూ కొలతలూ ఒకటి చేయకుండా మొదలుపెడితే నెల తిరక్కుండానే స్టాక్ మైనస్‌లో కనబడుతుంది. మైనస్ ఆరు చెంబులు చూశాక యజమానికి నమ్మకం పోతుంది. కంప్యూటర్ మీద గుడ్డ కప్పేసి పాత పుస్తకం తీస్తారు.

అందుకని ముందు సరుకు పట్టిక కాగితం మీద రాయించాలి. వేలకొద్దీ రకాలుంటే అన్నీ ఒకేసారి వద్దు. బాగా కదిలే సరుకుతో మొదలుపెట్టండి. ఒక ఆదివారం అంగడి మూసి, ఉన్నదంతా చేత్తో లెక్కపెట్టి, ఆ అంకెతో తెరవండి. దానికంటే ముందే బాకీల పుస్తకం ఎక్కించండి. ఎవరు ఎంత ఇవ్వాలో, ఎన్నాళ్లుగా ఇవ్వాలో ఫోన్‌లో కనబడిన రోజున యజమానికి ఈ పనిలో విలువ తెలుస్తుంది. ఆ తర్వాత మనం నచ్చజెప్పాల్సిన పని ఉండదు.

బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు ఎంచి పంపిన సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదైనా, రోజూ బిల్లు కొట్టే మనిషికి రాకపోతే అది నిలవదు. నేర్పాల్సింది ఆ మనిషికి. తెలుగులో, ఆ కౌంటర్ దగ్గరే, నిజం బిల్లులతోనే నేర్పాలి.

ఎప్పుడు మార్చాలన్నది కూడా ముఖ్యమే. తోతాపురి ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరే జూన్, జులైలో గుజ్జు ఫ్యాక్టరీలో కొత్త పద్ధతి పెడితే కాటా చీటీలు కలగాపులగమై, రైతులకు చెల్లించే లెక్క తప్పుతుంది. తిరుపతి అంగళ్లకు తమిళ యాత్రికులు ఎక్కువగా వచ్చే పెరటాసి (తమిళ) నెల, బ్రహ్మోత్సవాలు అలాంటి రోజులే. కొత్త ఆర్థిక సంవత్సరం, కొత్త బిల్లు నంబర్లు మొదలయ్యే ఏప్రిల్ 1 చాలామందికి అనుకూలం.

అపోహ: వెబ్‌సైట్ లేకపోతే ఆన్‌లైన్‌లో లేనట్టే.

వాస్తవం: తిరుపతికి వచ్చే యాత్రికుడు బస్టాండులో దిగి ఫోన్‌లో ‘దగ్గర్లో హోటల్’ అని వెతుకుతాడు. అక్కడ కనబడడానికి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ చాలు, దానికి ఖర్చు లేదు. తెరిచే వేళలు, పనిచేసే ఫోన్ నంబరు, ఇప్పటి ఫోటోలు పెట్టండి. బోర్డు మీద తమిళం రాయించినవారు అక్కడ మాత్రం ఎందుకు వదిలేయాలి?

అపోహ: పెద్ద ఆన్‌లైన్ సైట్‌లో పెడితే సరుకు దానంతటదే పోతుంది.

వాస్తవం: కమిషన్, కొరియర్, ప్యాకింగ్, ప్రకటనలు, వెనక్కి వచ్చిన సరుకుకు రానూపోనూ ఖర్చు, ఇవన్నీ పోగా మిగిలేదే మీది. శ్రీకాళహస్తి కలంకారీ వారికి ఇది మరీ కష్టం. కలంతో గీసి, కరక్కాయ, ప్రకృతి రంగులతో చేసిన గుడ్డ ఏ రెండూ ఒకేలా ఉండవు. ఫోటోలో ఉన్న రంగు రాలేదని కొన్నవాళ్లు తిప్పి పంపుతారు. పక్కనే స్క్రీన్ ప్రింట్ గుడ్డ అదే పేరుతో నాలుగో వంతు ధరకు కనబడుతుంది. ఇలాంటి సరుకుకు చేత్తో గీస్తున్న వీడియో, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) సంగతి, రంగులో తేడా సహజమన్న మాట వివరణలోనే ఉండాలి. నా అభిప్రాయంలో వారికి ముందు వాట్సాప్ బిజినెస్ కేటలాగ్, పాత కొనుగోలుదారుల జాబితా ఎక్కువ పనికొస్తాయి.

40 లక్షల పరిమితి విషయంలో ఇక్కడ జాగ్రత్త. 2023 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రం లోపలే అమ్మే చిన్న వ్యాపారి, జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని, రిజిస్ట్రేషన్ లేకుండానే ఈ సైట్లలో సరుకు అమ్మవచ్చు. అదే సైట్ ద్వారా చెన్నైకి ఒక్క చీర పంపాలన్నా రిజిస్ట్రేషన్ ఉండాలి.

అపోహ: ఆ పాస్‌వర్డులన్నీ మనకెందుకు, పెట్టించినవాళ్లే చూసుకుంటారు.

వాస్తవం: వెబ్‌సైట్ పేరు ఏజెన్సీ పేరున, గూగుల్ ప్రొఫైల్ మానేసి వెళ్లిన కుర్రాడి మెయిల్‌లో, వాట్సాప్ నంబరు మేనేజర్ సిమ్ మీద! ఇలాంటి అంగళ్లు చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, ఏళ్ల తరబడి కూడగట్టుకున్న పేరు వేరొకరి చేతిలో ఉండిపోతుంది. వ్యాపారం పేరున ఒక మెయిల్, యజమాని పేరున ఒక సిమ్ తీసుకుని, అన్నీ వాటితోనే తెరవండి. నాలాంటివాళ్లకు ఇవ్వాల్సింది అనుమతి మాత్రమే.

అపోహ: ఉద్యం (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్) సర్టిఫికెట్‌కు డబ్బు కట్టాలి, అయినా దానివల్ల ఒరిగేది లేదు.

వాస్తవం: అది పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. డబ్బు అడిగే సైట్ ప్రభుత్వానిది కాదు. ఇక ప్రయోజనం సంగతి. శ్రీసిటీ కంపెనీలకు పెట్టెలు, విడిభాగాలు పంపే సూక్ష్మ, చిన్న యూనిట్లకు 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు అందాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు. ఫిర్యాదు పెడితే ఆర్డరు పోతుందని భయపడేవారికి ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదిక ఉంది. కొనుగోలుదారు ఆమోదించిన బిల్లును అక్కడ పెడితే బ్యాంకులు పోటీపడి ముందే డబ్బిస్తాయి. 250 కోట్లకు మించిన టర్నోవర్ ఉన్న కంపెనీలు ట్రెడ్స్‌లో చేరాలని 2024 నవంబర్‌లో కేంద్రం ఆదేశించింది కూడా. కొని అమ్మే వ్యాపారులకు ఈ 45 రోజుల రక్షణ వర్తించదు. తయారీదారులు, సేవలు అందించేవారు మాత్రం మొదటి సరుకు పంపకముందే ఉద్యం తీసుకుని, ఆ నంబరును ప్రతి బిల్లు మీదా అచ్చు వేయించాలి.