ఉగ్గుగిన్నెలో ప్యాకెట్టు

మా అక్క కూతురు అనంతపురంలో ఉద్యోగం చేస్తుంది. కాన్పు సెలవు అయిపోవడానికి పది రోజులుందనగా వాళ్ళింటికి వెళ్ళాను. పాపకు అప్పుడే ఆరు నెలలు నిండాయి. వంటింటి గట్టు మీద ఒక పక్క మా అక్క ఆడించి తెచ్చిన రాగిపిండి డబ్బా, ఇంకో పక్క మెడికల్ షాపులో కొన్న బేబీ ఫుడ్ ప్యాకెట్. ఆ రెండింటి పుణ్యమా అని తల్లీకూతుళ్ళకు రెండు రోజులుగా మాటల్లేవు. "పొడి కలిపి పెట్టేదానికి తల్లెందుకే?" అని అక్క అనేసిందట. ఆ మాటకు ఆ పిల్ల రాత్రంతా ఏడ్చింది. "ప్యాకెట్ పెడితే తప్పు చేసినట్టా చిన్నమ్మా?" అని నన్నడిగింది.

కాదని అక్కడికక్కడే చెప్పాను. వట్టి మాటతో ఆ టెన్షన్ పోదని తెలుసు. అందుకే రెండు గిన్నెలు తెప్పించి, అక్క కాచే రాగిజావ ఒకదాంట్లో, ప్యాకెట్ పొడి కలిపింది ఇంకోదాంట్లో పోయించాను. చెంచాతో తీసి పక్కకు వంచి చూశాం. రెండూ నీళ్ళలాగా జారిపోయాయి. గొడవ పడుతున్న ఇద్దరూ చేస్తున్న పొరపాటు ఒకటే.

పసిబిడ్డ పొట్టలో ఒక్కసారికి పట్టేది కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు. 7 కిలోల పాపకైతే 210. అంటే ఒక గ్లాసు. ఆ గ్లాసులో ఏం పోస్తామన్నదే అసలు సంగతి. అక్క గ్లాసు నీళ్ళకు ఒక చెంచా పిండి వేస్తుంది, 10 గ్రాములనుకుందాం. రాగుల్లో 100 గ్రాములకు 320 కేలరీల దాకా ఉంటాయి కాబట్టి ఆ గ్లాసు జావలో వచ్చేవి 32. అదే గ్లాసెడు తల్లిపాలలో 130 పైనే ఉంటాయి. తల్లిపాలు తాగుతున్న 6-8 నెలల బిడ్డకు పైతిండి నుంచి రోజుకు ఇంకో 200 కేలరీలు కావాలి. 9-11 నెలల్లో 300, ఏడాది దాటాక 550 దాకా. పల్చటి జావతో 200 రావాలంటే ఆరు గ్లాసులు తాపాలి. అన్ని తాపితే పాలకు చోటుండదు. పాలకంటే బలం తక్కువున్న దాన్ని పాల స్థానంలో పోసినట్టవుతుంది. బిడ్డ కడుపు ఉబ్బి, కళ్ళు మూసుకుని నిద్రపోతుంది. నిండుగా తినిందని మనమనుకుంటాం. నెల తిరిగి అంగన్‌వాడీలో తూకం వేస్తే ముల్లు కదలదు.

అలా ఎందుకు పల్చన చేస్తామంటే, అక్కకేమో గొంతుకు అడ్డం పడుతుందని భయం, చిక్కగా ఉంటే అరగదని అనుమానం. కూతురుకేమో ప్యాకెట్ ఖరీదు. ఎక్కువ రోజులు రావాలని ఐదు చెంచాలు వేయమన్నచోట రెండే వేస్తోంది. ఇది పిసినారితనం కాదు, నెల జీతంతో ఇల్లు నడిపే ఎవరైనా చేసేదే. కానీ ప్యాకెట్ వెనక రాసిన పోషక విలువలన్నీ వాళ్ళు చెప్పిన కొలతకే. సగం పొడి వేస్తే సగం ఇనుము, సగం మాంసకృత్తులు. కొలత ప్రకారం పెట్టలేమనుకుంటే, రోజూ నీళ్ళగా పెట్టేకంటే వారంలో మూడు రోజులే పెట్టి, ఆ మూడు రోజులైనా చిక్కగా పెట్టడం మేలని నా లెక్క. వంచిన చెంచా మీద నిలవాలి, మెల్లగా జారాలి. అదీ చిక్కదనం.

చిక్కగా చేద్దామంటే రాగిపిండి ఊరుకోదు. పిండిలో ఉండే స్టార్చ్ చిన్న చిన్న రేణువులుగా ఉంటుంది. వేడినీళ్ళు తగలగానే అవి నీళ్ళు పీల్చుకుని ఎన్నో రెట్లు ఉబ్బుతాయి. గ్లాసు నీళ్ళకు 40 గ్రాముల పిండి వేస్తే జావ కాదు, సంగటి అవుతుంది. ఆరు నెలల పిల్ల దాన్ని మింగలేదు. దీనికి విరుగుడు గింజలోనే ఉంది. రాగులు నానబెట్టి మూటగట్టి మొలకెత్తిస్తే, ఆ మొలక తన తిండి కోసం అమైలేజ్ అనే ఎంజైమును తయారు చేసుకుంటుంది. స్టార్చ్ గొలుసులను తెగ్గొట్టడం దాని పని. గొలుసు తెగితే నీళ్ళను పట్టి ఉంచే శక్తి పోతుంది, జావ పల్చబడుతుంది. కానీ పిండి ఎక్కడికీ పోదు, కేలరీలు అలాగే ఉంటాయి.

ఆ రోజు దీన్ని కళ్ళారా చూపించాను. గరిట నిలబడేంత గట్టిగా రాగిపిండి ఉడికించి దించాం. వేలు పెట్టగలిగేంత కాకపోయినా, పొగలు కాస్త తగ్గేదాకా ఆగి, మొలకరాగి పిండి అర చెంచా చల్లి కలిపాం. ఒక నిమిషం ఏమీ కాలేదు. రెండో నిమిషానికి గరిట కిందికి వాలింది. ఐదు నిమిషాలకు ముద్ద కాస్తా చెంచాతో పెట్టే పాయసంలా అయింది. చుక్క నీళ్ళు పోయలేదు. పచ్చి మొలకపిండిలో సూక్ష్మజీవులుండొచ్చు కాబట్టి మళ్ళీ పొయ్యి మీద పెట్టి ఒక పొంగు రానిచ్చాం. మా అక్క నోట మాట రాలేదు. ఒక జాగ్రత్త ఉంది. మొలకలను ఎండబెట్టాక కమ్మటి వాసన కోసం మాడేలా వేయిస్తే ఎంజైము చచ్చిపోతుంది. వాసన మిగులుతుంది, పని మిగలదు. 1980ల్లో బరోడా విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ బృందం చిటికెడు మొలకపిండితో పిల్లల జావను ఇలా పల్చబరచడం మీద చాలా పని చేసింది.

చిత్రమేమిటంటే, బజారు బేబీ ఫుడ్ పుట్టుకలోనూ ఇదే మొలక ఉంది. 1860ల్లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్ పసిపిల్లల కోసం తయారుచేసిన ఆహారంలో గోధుమపిండి, ఆవుపాలు, కాస్త క్షారంతో పాటు మొలకెత్తిన బార్లీ పిండి కూడా ఉండేది. మన అనంతపురం జిల్లా కళ్యాణదుర్గంలో ఏ అవ్వో మూటగట్టిన రాగులు చేసే పనే ఆ బార్లీ కూడా చేసింది. ఇప్పటి కంపెనీల్లో చాలా చోట్ల పిండిని నీళ్ళతో కలిపి, లోపల ఆవిరితో కాగుతున్న పెద్ద ఉక్కు రోలర్ల మీద పల్చటి పొరగా పరుస్తారు. రోలర్ ఒక చుట్టు తిరిగేలోపు అది ఉడికి, ఎండి కాగితంలా అవుతుంది. కత్తితో గీకి పొడి చేస్తారు. గోరువెచ్చటి నీళ్ళు పోయగానే కలిసిపోయేది అందుకే. అది ముందే ఉడికి ఎండిన తిండి. మన అటుకులు, బొరుగుల తోవే. ప్యాకెట్ అంటే రసాయనాల పొడి అని భయపడేవాళ్ళకు ఇది చెప్పాలి.

ప్యాకెట్ మన గిన్నె కంటే ముందున్న విషయం ఒకటుంది. ఇనుము. కడుపులో ఉన్న చివరి నెలల్లో బిడ్డ తల్లి నుంచి ఇనుము దాచుకుని పుడుతుంది. ఆ నిల్వ ఆరు నెలలకు అటూ ఇటూగా కరిగిపోతుంది. తల్లిపాలలో ఇనుము లీటరుకు అర మిల్లీగ్రాము కూడా ఉండదు. ఉన్నది బాగానే ఒంటబడుతుంది కానీ పెరిగే బిడ్డకు చాలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 6 నెలల నుంచి 5 ఏళ్ళలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. రాగుల్లో ఇనుము ఉంది, 100 గ్రాములకు నాలుగున్నర మిల్లీగ్రాముల పైన. కానీ వాటిలోని ఫైటేట్లు, టానిన్లు అనే పదార్థాలు దాన్ని పట్టుకుని వదలవు. అందులో ఒంటబట్టేది కొంచెమే. రాగులు కాల్షియానికి రారాజు, ఇనుముకు కాదు. ప్యాకెట్‌లో ఇనుము విడిగా కలుపుతారు. కాబట్టి మాంసం తినని ఇళ్ళలో, మంచి ప్యాకెట్ ఒక పూట పెట్టడం బిడ్డకు నిజంగానే ఉపకారం. తినే ఇళ్ళలో కోడి కార్జం మెత్తగా ఉడికించి నలిపి పెడితే అంతకంటే బాగా ఒంటబడుతుంది. మన చీనీకాయ (బత్తాయి) తొన పొర, గింజ తీసి రెండు చెంచాల గుజ్జు అన్నంతో పాటు పెడితే, అందులోని సి విటమిన్ గింజల్లో చిక్కుకున్న ఇనుమును కొంత విడిపిస్తుంది. ఆరు నెలలు నిండిన పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే ఐరన్ సిరప్ కూడా ఉంది, వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు చొప్పున. ఆశా కార్యకర్తను అడగండి. చాలా ఇళ్ళలో ఆ సీసా ఫ్రిజ్ మీద దుమ్ము పట్టి ఉంటుంది.

ఇక చక్కెర. పుట్టిన బిడ్డకు తీపి నేర్పనక్కర్లేదు, తల్లిపాలే తియ్యన. నేర్పాల్సింది చేదు, వగరు, ఆకుకూర వాసన. కొత్త రుచి నచ్చడానికి ఎనిమిది, పది సార్లు నోటికి తగలాలి. మొదటిసారి ఉమ్మేస్తే "దానికి పడదు" అని మానేస్తాం, తియ్యటి పొడి మళ్ళీ కలుపుతాం. అక్కడ పోతోంది పని. రెండేళ్ళు నిండేదాకా విడిగా చక్కెర కలపొద్దని పిల్లల డాక్టర్ల మాట. 2024లో స్విట్జర్లాండ్‌కు చెందిన ఒక సంస్థ పరీక్షలు చేయించి, ఒకే కంపెనీ బేబీ ఫుడ్‌లో యూరప్‌లో కలపని చక్కెర మన దేశంలో ఒక్కో పూట తిండికి 3 గ్రాముల దగ్గరగా కలుపుతున్నారని బయటపెట్టింది. ఆ వార్త చదివి నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. మన పిల్లల నాలుకలు వేరేవేం కాదు కదా. కాబట్టి ప్యాకెట్ ముందు వైపు కాదు, వెనక్కి తిప్పండి. దినుసులను ఎక్కువ బరువున్నదాని నుంచి తక్కువకు వరసగా రాయాలని నియమం. చక్కెర, సుక్రోజ్ అన్న మాట మొదటి మూడు నాలుగు పేర్లలో ఉంటే పక్కన పెట్టేయండి. పాలపొడి ఉన్న ప్యాకెట్‌లో కొంత చక్కెర పాలదే, దానికి కంగారు పడొద్దు. 'యాడెడ్ షుగర్' అన్న గీత చూడండి. అన్నట్టు, ఈ ప్యాకెట్ల మీద బొద్దుపాప ఫోటో ఎందుకుండదో గమనించారా? 1992లో వచ్చిన చట్టం ప్రకారం తల్లి బొమ్మ గానీ బిడ్డ బొమ్మ గానీ వేయకూడదు, ప్రకటనలూ ఇవ్వకూడదు.

అయితే నాకు ప్యాకెట్ కంటే ఎక్కువ భయం బిస్కెట్. ప్యాకెట్ గురించి ఇల్లంతా పోట్లాడతారు. ఐదు రూపాయల గ్లూకోజ్ బిస్కెట్ టీలో ముంచి ఎనిమిది నెలల పిల్లకు పెడితే ఎవరూ ఏమీ అనరు. 100 గ్రాముల బిస్కెట్‌లో పాతిక గ్రాముల దాకా చక్కెర, మిగతాది ఎక్కువగా మైదా, నూనె. పైగా టీలోని టానిన్లు ఉన్న ఇనుమును కూడా అడ్డుకుంటాయి.

ప్యాకెట్‌లో సగమే కంపెనీది. మిగతా సగం మన నీళ్ళు. అనంతపురం జిల్లాలో ఈ మాట తేలిగ్గా తీసుకోకూడదు. ఇక్కడి బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. 1995-96లో సత్యసాయి తాగునీటి పథకం 700కు పైగా ఊళ్ళకు నీళ్ళు తెచ్చిన కారణాల్లో అదీ ఒకటి. తల్లి ఎంత ఫ్లోరైడ్ నీళ్ళు తాగినా పాలలోకి దిగేది చాలా తక్కువ. బోరు నీళ్ళతో పొడి కలిపితే ఆ రక్షణ పోతుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఇంకిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. కుళాయిలో వచ్చే పథకం నీళ్ళు మరిగించి చల్లార్చి వాడుకోవాలి. పొడిగా ఉన్నంతసేపు క్రిములు పెరగవు. తడి తగిలిన క్షణం నుంచి లెక్క మొదలు. ఎండాకాలంలో ఇక్కడి వంటింట్లో కలిపిన గిన్నెను సాయంత్రానికి దాచడమంటే విరేచనాలు కొని తెచ్చుకోవడమే. పాప ఎంగిలి చెంచా తగిలినదైతే మిగిలింది పారబోయాల్సిందే.

ఇంట్లో చేసిందల్లా క్షేమం అనే మాట కూడా నేననను. మన ఉగ్గు పొడుల్లో రాగులు, పెసరబ్యాడలు, శనక్కాయలు కలిపి ఆడిస్తారు. వర్షాధారపు శనక్కాయ పంటకు చివర్లో వాన ముఖం చాటేస్తే కాయలోకి ఒక బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. వేయించినా అది పూర్తిగా పోదు. అందుకే ముడుచుకుపోయిన, రంగు మారిన, నల్లబడిన విత్తనాలు ఒక్కొక్కటే ఏరేయాలి. చేటలో పోసుకుని ఓపిగ్గా ఏరిన విత్తనాలతో చేసిన పొడి మాత్రం బంగారం. శనక్కాయ పసిపిల్లలకు పడదన్న భయం కూడా వద్దు. 2015లో లండన్‌లో 640 మంది పిల్లల మీద చేసిన పరిశోధనలో, పసితనం నుంచే వేరుశనగ తిన్నవాళ్ళకు ఐదేళ్ళు వచ్చేసరికి దాని అలర్జీ ఎంతో తక్కువగా కనిపించింది. ఒంటి మీద గజ్జి లాంటి ఎగ్జిమా బాగా ఉన్న బిడ్డకైతే డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టాలి. పొడిగా, ముద్దగా మాత్రమే. గింజ గింజగా ఐదేళ్ళ లోపు వద్దు, గొంతులో ఇరుక్కుంటుంది. ఏడాది లోపు తేనె అసలే వద్దు.

ప్యాకెట్ ఎప్పటికీ నేర్పలేనిది ఒకటుంది, నమలడం. అది మొదటి రోజు ఎంత నున్నగా ఉంటుందో ఏడాదికీ అంతే నున్నగా ఉంటుంది. తొమ్మిది, పది నెలలకల్లా పలుకు పలుకుగా ఉన్న తిండి నోటికి తగలకపోతే, తర్వాత ఏం పెట్టినా కక్కే పిల్లలు ఎక్కువ. పళ్ళు రానక్కర్లేదు, చిగుళ్ళు చాలు.

పాపకిప్పుడు తొమ్మిదో నెల. పోయిన ఆదివారం మా అక్క సంగటిలోంచి శనగగింజంత తుంచి, మునగాకు పప్పులో అద్ది నోట్లో పెట్టింది. మునగాకు అది ఏడోసారి. ఆరుసార్లు ఉమ్మేసిన పిల్ల ఈసారి మొహం చిట్లించి, అటూ ఇటూ ఆడించి మింగింది. ప్యాకెట్ కూడా గట్టు మీదే ఉంది, మూతకు క్లిప్పు పెట్టి. పొద్దున ఎనిమిదింటికి బస్సు ఉన్న రోజుల్లో ఇంటి నుంచి బయల్దేరే ముందు తల్లి అది కలిపి పెడుతుంది, కొలత ప్రకారం ఐదు చెంచాలు. మధ్యాహ్నం గిన్నె అవ్వది.