బొబ్బిలి మట్టిలో దొరికిన గుండు ఏనాటిది?

బొబ్బిలి దగ్గర పొలం దున్నుతున్నప్పుడో, గెడ్డ గట్టు కోసుకుపోయినప్పుడో బూడిదరంగు గుండొకటి బయటపడితే అందరికీ బొబ్బిలి యుద్ధం జరిగిన 1757 జనవరి 24 గుర్తుకొస్తుంది. కాస్త ఆగాలి. చేపల వలకు కట్టే సీసం గుండ్లూ అలాగే ఉంటాయి, కాకపోతే వాటికి బెజ్జం ఉంటుంది. నాటు తుపాకీ వేటగాళ్లు పోసుకున్న గుండ్లూ మట్టిలో చేరతాయి.

ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది ఇనుము, సీసం కాదు. పైనున్న తెల్లటి పొర సీసం తేమతో, గాలితో కలిసి ఏర్పడిన కార్బొనేట్. దాన్ని గీకితే గుండు పోసిన అచ్చు అతుకు దగ్గర పడిన గీత కూడా పోతుంది. సీసం విషం, చేతులు కడుక్కోవాలి.

రాతికి తగిలి పకోడీలా నలిగిన గుండుకు వ్యాసం కొలవలేం. బరువు మాత్రం పెద్దగా మారదు. బంగారం కొట్టు త్రాసులో తూచి, సీసం సాంద్రతతో (ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు) లెక్కకడితే అసలు సైజు తేలుతుంది. దాదాపు 32 గ్రాములుంటే వ్యాసం 17.5 మి.మీ., అంటే ఇంగ్లీషువాళ్ల బ్రౌన్ బెస్ మస్కెట్ (గొట్టం లోపల నున్నగా ఉండే పాతకాలపు తుపాకీ) గుండు కావచ్చు. దాని గొట్టం లోపలి వ్యాసం 19 మి.మీ. మసి పట్టినా గుండు దిగేలా కావాలనే చిన్నదిగా పోసేవారు. ఫ్రెంచి మస్కెట్ గుండు ఇంకా చిన్నది, 25-27 గ్రాములు. ఆ యుద్ధంలో బొబ్బిలి కోట మీదికి వచ్చిన బుస్సీ సేన ఫ్రెంచిది కాబట్టి బొబ్బిలిలో ఈ తేడాకి విలువుంది. అయినా తుపాకులు చేతులు మారతాయి. ఒక్క గుండుతో యుద్ధాన్ని రుజువు చేయలేం.

కోలగా ఉంటే అది పందొమ్మిదో శతాబ్దపు రైఫిల్‌ది కావచ్చు. అడుగున గుంట ఉంటే 1853 ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాను అనుమానించవచ్చు. పేలినప్పుడు ఆ గుంట అంచు విచ్చుకుని రైఫిల్ గొట్టం లోపలి మెలితిరిగిన గాడులను పట్టుకుంటుంది. తర్వాత వచ్చిన మార్టినీ-హెన్రీ రైఫిల్ తూటా కూడా దాదాపు 31 గ్రాములే, కానీ వ్యాసం 11.4 మి.మీ. బరువు ఒక్కటే నమ్మితే బోల్తా పడేది ఇక్కడే.

శ్రీకాకుళం కొండల్లో వెండిరంగు తొడుగుతో, 7.9 మి.మీ. వ్యాసంతో, ఎడమకు తిరిగిన అయిదు గాడి గుర్తులతో తూటా దొరికితే త్రీ నాట్ త్రీ (.303) రైఫిల్‌ది అనుకోవచ్చు. మొన సూదిగా ఉంటే 1910కి ముందుది కాకపోవచ్చు. అంతకుమించి కాలం చెప్పడం కష్టం, స్వాతంత్ర్యం వచ్చాక కూడా పోలీసులు దశాబ్దాలపాటు ఆ రైఫిల్‌నే వాడారు. పక్కనే తూటా వెనుక మందు నింపే ఇత్తడి గొట్టం ఖాళీది ఉంటే దాని అడుగున కొట్టిన అక్షరాలు, అంకెలు చూడండి. చాలాసార్లు కర్మాగారం గుర్తు, తయారైన ఏడాది అక్కడే దొరుకుతాయి. తూటా ఇంకా ఆ ఇత్తడి గొట్టంలోనే ఉంటే మాత్రం తుడవొద్దు, కదపొద్దు. లోపలి మందు ఇంకా పేలొచ్చు, పోలీసులకు చెప్పండి.