జనరేటర్ ఉంది, ఏసీకే లైను లేదు

2017 సెప్టెంబరు 10న ఇర్మా హరికేన్ ఫ్లోరిడాను తాకింది. రాష్ట్రంలో 60 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. హాలీవుడ్ హిల్స్ అనే నర్సింగ్ హోమ్‌లో మాత్రం లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. అక్కడ పోయింది ఏసీ ఒక్కటే. భవనమంతటికీ చల్లదనమిచ్చే యంత్రం, అంటే చిల్లర్‌కు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఎగిరిపోయింది. భవనానికి జనరేటర్ ఉంది గానీ ఏసీని దానికి కలపలేదు. తెప్పించిన స్పాట్ కూలర్లు (ఎక్కడికైనా తీసుకెళ్లే చిన్న ఏసీలు) కింది అంతస్తు వేడిని సీలింగులోకి వదలడంతో పై అంతస్తు మరింత ఉడికిపోయింది. 13వ తేదీకల్లా ప్రాణాలు పోవడం మొదలైంది. ఏసీలన్నీ నడుస్తున్న పెద్దాసుపత్రి పక్కనే ఉంది. చివరికి 12 మరణాలను వైద్య పరీక్షాధికారి నరహత్యలుగా నమోదు చేశారు.

వృద్ధుల కేంద్రాల్లో బ్యాకప్ కరెంటు గురించి అమెరికాలో ఇవాళ నడుస్తున్న వాదనంతా ఈ ఘటన చుట్టూనే తిరుగుతుంది. అయితే దాని మూలం ఇంకా వెనక ఉంది. భవనాల భద్రతా నియమాలు, అంటే కోడ్‌లు, రాసినవాళ్లు అత్యవసరమంటే అగ్నిప్రమాదమే అనుకున్నారు. అగ్ని భద్రతా కోడ్ ప్రకారం కరెంటు పోయాక బయటికి వెళ్లే దారుల్లో లైట్లు గంటన్నర వెలగాలి. మనుషుల్ని బయటికి చేర్చడానికి ఆ గంటన్నర చాలు. అందరూ లోపలే ఉండి, నాలుగు రోజులు కరెంటు రాకపోతే? ఆ లెక్క అందులో లేదు. నడవలేని ముసలివాళ్లకు ఎండ వేడి కూడా మంటలంత ప్రమాదమేనన్న సంగతి చాలా ఆలస్యంగా నియమాల్లోకి ఎక్కింది.

అసిస్టెడ్ లివింగ్ కేంద్రాల పరిస్థితి ఇంకా పలచన. 1980ల మొదట్లో ఆరెగన్ రాష్ట్రంలో ఈ పద్ధతి రూపుదిద్దుకున్నప్పుడు దాని ఆకర్షణే అది ఆసుపత్రిలా ఉండకపోవడం: సొంత గది, సొంత తలుపు, స్నానానికీ మందులకూ మాత్రం సాయం. ఇల్లులా ఉండాలన్నారు కాబట్టి నియమాలూ ఇంటికి పెట్టినట్టే తేలిగ్గా పెట్టారు. నర్సింగ్ హోమ్‌లకు వృద్ధులకూ పేదలకూ ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమాలు మెడికేర్, మెడికెయిడ్ డబ్బుతోపాటు కేంద్ర ప్రభుత్వ నిబంధనలూ వస్తాయి. అసిస్టెడ్ లివింగ్‌కు లైసెన్సిచ్చేది రాష్ట్రాలే, ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తీరు. ఇంతలో అక్కడ చేరేవాళ్ల వయసు పెరిగింది. ఆక్సిజన్ యంత్రాలు, మతిమరుపు వ్యాధులు వచ్చాయి. నియమాలు ఆ వేగాన్ని అందుకోలేదు.

2005లో కత్రినా హరికేన్ తర్వాత కేంద్ర ప్రభుత్వం కదలడానికి పదకొండేళ్లు పట్టింది. 2016లో వచ్చిన అత్యవసర సంసిద్ధత నిబంధన అమల్లోకి రావలసిన గడువు 2017 నవంబరు 15, అంటే ఇర్మా వచ్చిన రెండు నెలలకు. అది కూడా నర్సింగ్ హోమ్‌లు, ఆసుపత్రుల వంటివాటికే గానీ అసిస్టెడ్ లివింగ్‌కు వర్తించదు. ఫ్లోరిడాలో 2006లో ఒక బిల్లు నర్సింగ్ హోమ్‌లలో జనరేటర్లు పెట్టాలంది. ఖర్చు దగ్గర ఆగిపోయింది. అదే ఏడాది చాలా పెట్రోలు బంకులకు మాత్రం జనరేటర్ తగిలించే వైరింగు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 2005 విల్మా హరికేన్ తర్వాత బంకుల దగ్గర బారులు అందరికీ కనిపించాయి మరి. ముసలివాళ్ల గదులు ఎవరికీ కనిపించలేదు.

12 మరణాల తర్వాత ఇక ఆగే పరిస్థితి లేదు. అప్పటి గవర్నర్ రిక్ స్కాట్ 60 రోజుల్లో జనరేటర్లు పెట్టాలని అత్యవసర ఉత్తర్వు తెచ్చారు. ఒక పరిపాలనా న్యాయమూర్తి అది చెల్లదన్నారు. గడువు అసాధ్యమన్న యాజమాన్యాల మాటలో నిజం లేకపోలేదు. ఇంధన ట్యాంకుకు అనుమతి, కరెంటును జనరేటర్ మీదికి మార్చే స్విచ్‌గేర్, ఎలక్ట్రీషియన్లు అన్నీ ఒకేసారి వేల చోట్ల కావాలి. 2018 మార్చిలో శాసనసభ పూర్తి చట్టం చేసింది, ఈసారి అసిస్టెడ్ లివింగ్‌నూ కలిపి. కరెంటు పోయాక 96 గంటలపాటు 81 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 27 సెల్సియస్, దాటకూడదు. భవనమంతా అక్కర్లేదు, అసిస్టెడ్ లివింగ్‌లో ఒక్కొక్కరికి 20 చదరపు అడుగుల చొప్పున అందరూ చేరే చల్లని చోటు ఉంటే చాలు. 17 పడకలు, అంతకు మించి ఉన్న అసిస్టెడ్ లివింగ్ కేంద్రం 72 గంటల ఇంధనం దగ్గర పెట్టుకోవాలి. 16, అంతకు తక్కువ ఉన్నవాటికి 48 గంటలు.

ఈ చిన్నవాటి సంగతే అసలు చిక్కు. ఫ్లోరిడాలో 3,000కు పైగా ఉన్న అసిస్టెడ్ లివింగ్ కేంద్రాల్లో చాలావాటికి ఆరేసి పడకలే. అవి మామూలు ఇళ్లు. డీజిల్ ట్యాంకు పెడితే అగ్నిమాపక నియమాలు అడ్డం, గ్యాసు లైను అన్ని వీధులకూ లేదు. చేత్తో తోసుకెళ్లే జనరేటర్ కిటికీ పక్కన నడిపితే కార్బన్ మోనాక్సైడ్. అందుకే గడువు మీద గడువు పొడిగించారు, కొందరు అద్దె యంత్రాలతో నెట్టుకొచ్చారు.

ఫ్లోరిడా బయట ఈ పాఠం నెమ్మదిగానే చేరింది. టెక్సస్‌లో 2021 ఫిబ్రవరి మంచుతుపానులో 45 లక్షలకు పైగా ఇళ్లు చీకట్లో ఉన్నాయి. ఆ తర్వాత అసిస్టెడ్ లివింగ్‌కు జనరేటర్ తప్పనిసరి చేయాలన్న బిల్లులు 2021, 2023 సమావేశాల్లో గట్టెక్కలేదు. 2024 జూలైలో బెరిల్ హరికేన్ హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లు కత్తిరించినప్పుడు కూడా అక్కడ ఆ నియమం లేదు.

2021లో ఐడా హరికేన్ తర్వాత న్యూ ఆర్లీన్స్‌లో వృద్ధుల అపార్ట్‌మెంట్లలో కొందరు చనిపోయి కనిపించారు. లిఫ్టులు ఆగాయి, నిర్వాహకులు వెళ్లిపోయారు. చట్టం దృష్టిలో అవి నర్సింగ్ హోమ్‌లూ కావు, అసిస్టెడ్ లివింగూ కావు, అద్దె ఇళ్లు. కాబట్టి కరెంటు పోతే లోపలివాళ్ల బాగోగులు చూసుకోవాల్సింది ఫలానావాళ్లని అప్పటి నియమాల్లో ఎక్కడా రాసి లేదు.