పచ్చనివన్నీ అడవులు కావు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ తరువాత నగరం చుట్టూ ఉన్న కొండలను చూసినవారు ఆ దృశ్యాన్ని మరచిపోలేరు. సింహాచలం వైపు చూసినా, కంబాలకొండ వైపు చూసినా కార్చిచ్చు తగిలినట్టు గోధుమరంగే. గాలికి ఆకులు ఊడిపోయాయి, మిగిలినవి కమిలిపోయాయి. వానలు పడ్డాక కొండలు మళ్లీ పచ్చబడ్డాయి. అడవి కోలుకుందని అందరం సంతోషించాం.

వృక్షజాలంలో మార్పులను పరిశీలించే జీవావరణ శాస్త్రవేత్త మాత్రం ఆ మాట అంత తొందరగా అనరు. తిరిగి వచ్చింది అడవా, ఆకుపచ్చ రంగా అన్నది తేల్చడానికి ఒక ఉద్యోగ జీవితమంతా పట్టవచ్చు.

రంగును కొలవడం తేలిక. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని వెనక్కి పంపిస్తుంది. ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె ఒకటికి ఎంత దగ్గరగా ఉంటే అక్కడ పచ్చదనం అంత దట్టం. 1972లో మొదలైన ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు ఇందుకు గొప్ప నిధి. ఈ శ్రేణిలోని ఇటీవలి ఉపగ్రహాలు 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉన్న నేలను ఒక చుక్కగా చూస్తాయి. ఆ చుక్కలో ఉన్నవి నేరేడు చెట్లా, తునికి చెట్లా, అల్లుకుపోయిన తీగలా అన్నది ఆ ఒక్క అంకె చెప్పలేదు.

అది తెలియాలంటే కొండ ఎక్కాలి. కొలిచిన చదరంలో ప్రతి చెట్టుకూ నంబరు బిళ్ల కొట్టి, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున మాను చుట్టుకొలత తీసుకోవాలి. కొన్నేళ్లకు మళ్లీ అదే చెట్టు దగ్గరకు వెళ్లాలి. ఈ మెట్ట అడవుల్లో చెట్లు నెమ్మదిగా లావెక్కుతాయి. టేపు కొంచెం వదులుగా పట్టినా ఏడాది ఎదుగుదల ఆ పొరపాటులోనే కలిసిపోతుంది. అందుకే ఒకటి రెండేళ్ల లెక్కలతో ఇక్కడ చెప్పగలిగింది చాలా తక్కువ. మొక్కలను గుర్తుపట్టడానికే మొదటి కొన్నేళ్లు సరిపోతాయి.

తుపాను పెద్ద చెట్టును కూల్చినప్పుడు కొమ్మల గొడుగులో కంత పడి, ఎన్నాళ్లుగానో నీడలో ఉన్న నేలకు ఎండ తగులుతుంది. విరిగిన మొద్దులు కొన్ని పిలకలు వేస్తాయి. నీడలో ఆగిపోయిన నారు పైకి లేస్తుంది. అడవి తన గాయాన్ని తానే మాన్పుకునే తీరు ఇది. కానీ అదే ఎండ కోసం లాంటానా కూడా కాచుకుని ఉంటుంది. అమెరికా ఉష్ణమండలం నుంచి తోటల అందం కోసం తెచ్చిన ఈ పొద ఇప్పుడు దేశమంతటా అడవుల్లోకి పాకింది. ఇది గుబురుగా అల్లుకుంటే కింద గడ్డికీ, చెట్ల నారుకీ వెలుతురు అందదు. ఉపగ్రహం చూస్తే మాత్రం అదీ పచ్చదనమే.

ఈ తేడా దుప్పికి వెంటనే తెలుస్తుంది. దానికి గడ్డి కావాలి, లాంటానా ఆకు విషం. మరోవైపు లాంటానా పండ్లు తిని గింజలను దూరదూరాలకు చేరవేసేవాటిలో పికిలిపిట్టలు ఉన్నాయి. నేరేడు గింజలను మోసుకుపోయేవాటిలోనూ పిట్టలు ఉన్నాయి. పిట్టలు ఏ గింజను ఎక్కడ వదులుతాయో రేపటి అడవి కొంతవరకు దాన్నిబట్టే ఉంటుంది. అందుకే చెట్లతో పని మొదలుపెట్టినవారు చివరకు జంతువుల దగ్గరకు రాక తప్పదు.

కంబాలకొండ అభయారణ్యం సుమారు 70 చదరపు కిలోమీటర్లు, అదీ మహానగరాన్ని ఆనుకుని. చిరుతపులి, కణితి (సాంబర్ జింక), నక్క, ఒంటిమీద పొలుసులుండే అలుగు అక్కడ బతుకుతున్నాయి. వేడికీ కదలికకూ స్పందించే కెమెరాలను చెట్లకు కట్టి వాటి జాడ తెలుసుకుంటారు. ప్రతి చిరుతకూ మచ్చల అమరిక వేరు, మన వేలిముద్రల్లాగే. అలుగు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పడిపోయిన మాను కుళ్లితే చెదలు పడతాయి, చీమలతో పాటు ఆ చెదలూ దాని తిండి. కూలిన చెట్లన్నిటినీ అడవి లోపలి నుంచి ఎత్తివేయడం శుభ్రత అనుకోవడం పొరపాటని నా గట్టి అభిప్రాయం.

ఈ రంగంలో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషి దగ్గర మిగిలే ఆస్తి కొన్ని కొలతల పుస్తకాలు. ఫలానా చదరంలో ఫలానా నంబరు చెట్టు, ఆ ఏడు ఇంత, ఈ ఏడు ఇంత. కొన్నిచోట్ల అంకె బదులు ‘కూలింది’ అన్న మాట. దాని కింద కొత్త చేతిరాతలో, ఆ ఖాళీలో మొలిచిన నారు పేరు, దాని ఎత్తు సెంటీమీటర్లలో.