కొత్త దారి తొక్కే సంగీతకారులు, కలిసి వాయించడాలు, ఉత్సవాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను కచేరీలకు వయొలిన్ వాయిస్తాను. కొన్నేళ్లుగా చిన్నపాటి సంగీతోత్సవాలకు ఎవరిని పిలవాలి, ఎవరి తర్వాత ఎవరిని కూర్చోబెట్టాలి అనే పని కూడా చూస్తున్నాను. కచేరీకి ముందు కళాకారులతో వేదిక మీద ముచ్చట్లు పెట్టే బాధ్యత కూడా ఎక్కువగా నా మీదే పడుతుంది. ప్రయోగాత్మక సంగీతం గురించి, వేర్వేరు సంప్రదాయాలవాళ్లు కలిసి వాయించడం గురించి ఎక్కడికెళ్లినా అవే మాటలు వినిపిస్తుంటాయి కాబట్టి ఒకసారి రాసి పెడితే పోతుందనిపించింది.

అపోహ: ఇదంతా అప్పటికప్పుడు పుట్టే సంగీతం, దీనికి రిహార్సల్ ఏమిటి?

వాస్తవం: ఈ నమ్మకానికి మన కచేరీలే కొంత కారణం. గాయకుడూ పక్కవాద్యాలవాళ్లూ వేదిక మీదే మొదటిసారి కలుసుకోవడం మనకు మామూలే. ఏ కీర్తన ఎత్తుకుంటారో ముందు చెప్పకపోయినా కచేరీ సాఫీగా నడిచిపోతుంది. రాగం, తాళం, కీర్తనల పాఠం అందరికీ చిన్నప్పటినుంచీ నోటికి వచ్చినవే కాబట్టి అది సాధ్యం. అంటే రిహార్సల్ లేకపోలేదు, ఎవరి గురువు దగ్గర వాళ్లకు ఎప్పుడో అయిపోయింది.

ఆ ఉమ్మడి పాఠం లేనివాళ్లు కలిసినప్పుడు వేరే ఏర్పాటు కావాలి. న్యూయార్క్‌లో జాన్ జోర్న్ అనే స్వరకర్త 1984లో 'కోబ్రా' అని ఒకటి తయారుచేశాడు. అందులో రాసిపెట్టిన స్వరం ఒక్కటీ లేదు. ఎవరు ఎవరితో వాయించాలి, ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు ఒకరి చోటు ఇంకొకరు తీసుకోవాలి అన్నదానికి మాత్రం అట్టముక్కల మీద గుర్తులున్నాయి. వాయించేవాళ్లు చేత్తో సైగ చేసి అడుగుతారు, ముందు నిలబడ్డ మనిషి అట్ట ఎత్తి చూపిస్తాడు. బుచ్ మోరిస్ అనే జాజ్ సంగీతకారుడు 1985 నుంచి చేసిన 'కండక్షన్' అనే బృంద ప్రదర్శనల్లో ఆ పని చేతి సంజ్ఞలే చేసేవి. బయటినుంచి వినేవాళ్లకు ఎవరికి తోచింది వాళ్లు వాయించినట్టే ఉంటుంది. లోపల కూర్చున్నవాడికి మాత్రం ఒళ్లంతా కళ్లు చేసుకోవాల్సినంత క్రమశిక్షణ.

అపోహ: ఇద్దరు పెద్ద విద్వాంసులను పక్కపక్కన కూర్చోబెడితే చాలు, అద్భుతం జరుగుతుంది.

వాస్తవం: చాలాసార్లు జరిగేది మర్యాద. నువ్వు ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు), నేను ఒక ఆవర్తం, చివర్లో ఇద్దరూ వేగం పెంచి చప్పట్లు కొట్టించుకోవడం. తప్పేమీ లేదు కానీ రెండోసారి వినాలనిపించదు.

అసలు పని ఎక్కడుంటుందో మొదటి రిహార్సల్‌లో కూర్చుంటే తెలుస్తుంది. ముందు శ్రుతి దగ్గర, అంటే ఆధార షడ్జమం ఎక్కడ పెట్టుకోవాలన్న దగ్గర ఆగిపోతాం. గాయని అయిదున్నర శ్రుతిలో పాడుతుంది, గిటారు వాయించేవాడికి అతని ఖాళీ తీగలు ఆధారంగా ఉంటే హాయి. ఎవరో ఒకరు సర్దుకోవాలి. వేణువైతే వేరే వేణువు తీయాలి. మృదంగమైతే కుడివైపు అంచు మీద రాయితో, చెక్కముక్కతో చుట్టూ కొట్టుకుంటూ రావాలి, ఎడమవైపు తోలు మీద అంటించే రవ్వముద్ద సరిచేసుకోవాలి. మరీ దూరపు శ్రుతి అయితే ఇంకో మృదంగమే తెచ్చుకోవాలి. అంతా అయ్యాక ఏసీ పెంచితే మళ్లీ మొదటికి.

తర్వాత గమకం, అంటే స్వరాన్ని ఊపడం. తోడి రాగంలో గాంధారం (గ) ఒకచోట నిలబడదు, ఊగుతూనే ఉంటుంది. పియానో మెట్టు నొక్కితే అక్కడే నిలబడిపోతుంది. మనం గాంధారం ఊపుతుంటే పియానో అదే గాంధారాన్ని నిటారుగా పట్టుకుంటే వినడానికి ఇద్దరిలో ఒకరు తప్పు వాయిస్తున్నట్టే ఉంటుంది. తెలిసిన పియానిస్టులు అప్పుడు గాంధారం మీద చెయ్యే వేయరు. షడ్జమం (స), పంచమం (ప) మాత్రం పట్టుకుని మిగతా చోటు వదిలేస్తారు. లేదంటే హంసధ్వనిలాంటి, స్వరాలు కాస్త తిన్నగా నిలబడే రాగం ఎంచుకుంటారు. నా దృష్టిలో మంచి సహవాద్యకారుడికి అదే పరీక్ష: ఏం వాయించకూడదో ఎంత త్వరగా పసిగట్టాడన్నది.

మూడోది ఎత్తుగడ, అంటే తాళంలో పాట మొదలయ్యే చోటు. మిశ్రచాపు తాళమంటే ఏడు లెక్క, జాజ్ డ్రమ్మర్‌కు అదేమీ బ్రహ్మవిద్య కాదు. కానీ మన పాట తాళం మొదటి దెబ్బ మీదే మొదలవ్వాలని లేదు, కాస్త జరిగి ఎత్తుకోవచ్చు. మృదంగం ముక్తాయింపు (ముగింపు లెక్క) పాట ఎత్తుగడకు వచ్చి కూర్చుంటుంది, డ్రమ్స్ మాత్రం తాళం మొదటి దెబ్బ మీద ధనామని పడతాయి. రెండూ లెక్క ప్రకారం ఒప్పే. జనానికి మాత్రం ఎవరో తడబడ్డారనిపిస్తుంది. దీన్ని కూర్చుని మాట్లాడుకోవడం తప్ప మార్గం లేదు.

మన సంగీతాన్నీ జాజ్‌నూ కలిపిన 'శక్తి' బృందాన్ని అందరూ ఉదాహరణగా చెప్తారు కానీ దాని వెనక ఎంత పని ఉందో తక్కువమంది చెప్తారు. అందులో గిటారు వాయించే జాన్ మెక్‌లాఫ్లిన్ ముందు వీణ నేర్చుకున్నాడు. తర్వాత గిటారునే మార్పించుకున్నాడు: గమకం పలకడానికి మెట్ల మధ్య చెక్కను గుంటలుగా చెక్కించి, శ్రుతి కోసం అడ్డంగా అదనపు తీగలు వేయించాడు. జాకిర్ హుస్సేన్ తబలా, ఎల్. శంకర్ వయొలిన్, విక్కు వినాయక్‌రామ్ ఘటం ఆ గిటారుతో కలిసిన తీరు 1975లో న్యూయార్క్ రాష్ట్రంలో కచేరీలోనే రికార్డు చేసిన మొదటి ఆల్బమ్‌లో వినొచ్చు. ఒకరికొకరు దారివ్వడం అందులో చెవికి తెలుస్తుంది.

అపోహ: ప్రయోగాలు చేసేవాళ్లు సంప్రదాయం తెలియనివాళ్లు, లేదా దానికి వ్యతిరేకులు.

వాస్తవం: నా చేతిలో ఉన్న వయొలినే దీనికి జవాబు. బాలుస్వామి దీక్షితులు నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చేదాకా అది పరాయి వాద్యం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి నాటికి అది పక్కవాద్యంగానే కాక సోలోగా కూడా నిలబడింది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ నాలుగే స్వరాలతో లవంగి, మహతి రాగాలు కట్టినప్పుడు గొడవలు జరిగాయి, ఇప్పుడు పిల్లలు పోటీల్లో పాడుతున్నారు. విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. హరికథ చెప్తూ ఒంటితో ఏకకాలంలో వేర్వేరు తాళాలు నడిపించిన మనిషాయన. ఆయన్ని ప్రయోగవాది అంటే నవ్వేవారేమో. ఇక హార్మోనియాన్ని 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి నిషేధించింది కదా అంటారా, ఆ నిషేధం హార్మోనియాన్ని ఆపలేదన్నది కూడా చరిత్రే.

అపోహ: ఉత్సవ రూపకల్పన అంటే పేరున్నవాళ్ల జాబితా, ఫోన్లు, విమానం టికెట్లు.

వాస్తవం: ఫోన్లు, టికెట్లు నిజమే, టెన్షన్ కూడా వాటితోనే. కానీ నాకు ఎక్కువ సమయం పట్టేది వరుస. వీణ కచేరీకి ముందు డ్రమ్స్, ఆంప్లిఫయర్లు ఉన్న బృందాన్ని పెడితే శ్రోతల చెవులు అలిసిపోయి, వీణలో సన్నగా వినిపించాల్సిన అనుస్వరాలు (స్వరం చుట్టూ తాకే చిన్న స్వరాలు) వాళ్లకు అందవు. సౌండ్ ఇంజినీరు వీణ వాల్యూమ్ పెంచుకుంటూ పోతాడు, చివరికి వీణ వీణలా వినిపించదు. రోజు ఎలా మొదలైతే బాగుంటుంది, మధ్యలో ఎక్కడ చెవికి విశ్రాంతి ఇవ్వాలి, బృందం మారడానికి నిజంగా ఎంతసేపు పడుతుంది అన్నవి ముందు తేలాలి. ప్రోగ్రామ్ షీట్‌లో పది నిమిషాలని రాసినంత మాత్రాన ఎవరూ పది నిమిషాల్లో శ్రుతి చేసుకోరు.

హాలు కూడా కార్యక్రమంలో భాగమే. ప్రతిధ్వని ఎక్కువున్న చోట మృదంగం మీద బాగా వేగంగా వాయించే నాలుగో కాలం ముద్దయిపోతుంది, అదే చోట తంబురా మీద మెల్లగా సాగే ఆలాపన నిండుగా ఉంటుంది. అమెరికాలో పాలీన్ ఒలివేరోస్ అనే స్వరకర్త అకార్డియన్ పట్టుకుని, స్నేహితులతో 1988లో భూమి కింద ఉన్న ఖాళీ నీళ్ల ట్యాంకులోకి దిగి రికార్డు చేసింది. అక్కడ ఒక్క స్వరం దాదాపు 45 సెకన్లు మోగుతుంది. అందుకని వాళ్లు అంత నెమ్మదిగా వాయించారు. వేదికను బట్టి సంగీతం మారడమంటే అదీ. టెన్నెసీలోని నాక్స్‌విల్‌లో 2009లో మొదలైన బిగ్ ఇయర్స్ ఉత్సవం ఊళ్లోని పాత థియేటర్లు, చర్చిలు, క్లబ్బుల్లో నడుస్తుంది. ఎవరికి ఏ గది అన్నదే అక్కడ సగం ఎంపిక.

ఎంపికను కళాకారుడి చేతికే ఇచ్చేయడం ఇంకో పద్ధతి. కాలిఫోర్నియాలో 1947 నుంచి జరుగుతున్న ఓహై ఉత్సవానికి ఏటా ఒక సంగీత దర్శకుణ్ని పిలుస్తారు, 2017లో జాజ్ పియానిస్టు విజయ్ అయ్యర్ ఆ పని చేశాడు. లండన్‌లో 1993లో మొదలైన మెల్ట్‌డౌన్ ఉత్సవానిదీ ఇదే దారి, 2009లో జాజ్ శాక్సఫోనిస్టు ఆర్నెట్ కోల్మన్ చేతికిచ్చారు. ఇందులో అందం ఉంది, చిక్కూ ఉంది. కళాకారుడు తన స్నేహితులనే పిలుస్తాడు. ఆ స్నేహబృందం ఆర్నెట్‌ది అయితే అదృష్టం, అందరికీ అంత మంచి స్నేహితులు ఉండరు.

అపోహ: ఇలాంటివి మామూలు జనానికి ఎక్కవు.

వాస్తవం: పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ 1983లో, పద్నాలుగేళ్ల వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. రాగం పేరు తెలియని శ్రోతల ముందు శుద్ధ కర్ణాటక సంగీతమే వాయించాడు, మెప్పించాడు. జనానికి ఎక్కనిది కొత్త సంగీతం కాదు, ముందుమాట పేరుతో ముప్పావుగంట ఉపన్యాసం.

అపోహ: కళాకారులను సృజన గురించి అడగకూడదు, మాటల్లో పెడితే మాయ పోతుంది.

వాస్తవం: "మీ ప్రేరణ ఏమిటి?" అని అడిగితే నిజంగానే ఏమీ రాదు, వాళ్లు అన్ని ఊళ్లలో చెప్పే జవాబే మనకూ చెప్తారు. చెన్నై డిసెంబరు సంగీత సీజన్‌లో పొద్దున్నే జరిగే లెక్‌డెమ్‌లు (పాడి చూపిస్తూ చెప్పే ప్రసంగాలు) వినండి. ఒకే కీర్తనకు రెండు పాఠాంతరాలు పాడి చూపించి, ఒకటి ఎందుకు వదిలేశారో చెప్పినప్పుడు హాలంతా నిటారుగా కూర్చుంటుంది. నేనూ అదే దారిలో అడుగుతాను. ఈ వాద్యానికి మీరు ఏం మార్పు చేయించారు? నిన్న రిహార్సల్‌లో ఏ ముక్క తీసేశారు? మీ తోటి కళాకారుడు వాయిస్తుంటే మీరు ఎక్కడ ఆగిపోయారు, ఎందుకు? వాద్యం ఒళ్లో ఉంటే ఇంకా మంచిది, సగం జవాబు వేళ్లే చెప్తాయి. ఇద్దరూ ఒకే విషయంలో విభేదిస్తే నేను నోరు మూసుకుంటాను.

అపోహ: ఇది ప్రయోగం కదా, సరదాగా చేస్తారు, పారితోషికం గురించి పట్టించుకోరు.

వాస్తవం: పట్టించుకుంటారు. పైన చెప్పిన శ్రుతి, గాంధారం, ఎత్తుగడల పంచాయతీ తేలడానికి రోజులు పడుతుంది, ఆ రోజుల్లో వేరే కచేరీ ఒప్పుకోలేరు. కాబట్టి ఎవరైనా ఇలాంటి కలయిక కోసం పిలిస్తే ఆహ్వానపు ఉత్తరంలో ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి: రిహార్సల్ రోజులకు విడిగా డబ్బు, ఆ రోజులకు బస, ఏ శ్రుతి అన్నది ముందే తేల్చే బాధ్యత ఎవరిది, రికార్డింగ్ ఎవరి సొంతం. మీరే నిర్వాహకులైతే, మీ బడ్జెట్ అందుకు సరిపోకపోతే ఇద్దరి చేత విడివిడిగా చెరో కచేరీ చేయించండి.